మెయిల్ సర్వర్ నిండిందా? పాత మెయిల్స్ మీద పడకముందు బరువెక్కడుందో చూడండి

కర్నూల్లో ఒక బండల వ్యాపారం ఆఫీసుకి మెయిల్ సర్వర్ నేనే చూస్తుంటాను. బేతంచెర్ల వైపు నుంచి పాలిష్ బండలు తీసుకుని బెంగళూరు, హైదరాబాద్, చెన్నై పార్టీలకి పంపే ఆఫీసు అది. పాతికమంది మెయిల్ వాడతారు, 500 జీబీ డిస్కు. ఒక సోమవారం పొద్దున ఉగ్గాని, బజ్జీ ముందు పెట్టుకుని కూర్చున్నానో లేదో ఫోను: "అన్నా, మెయిల్స్ రావడంలే. పార్టీ వాళ్లేమో పంపినాం పంపినాం అంటాండారు." పోయి చూస్తే డిస్కు నూటికి నూరు శాతం. టెన్షన్‌లో నేను చేసిన మొదటి పని ఐదేళ్లు దాటిన మెయిల్స్ తీసేయడం. ఇద్దరి అకౌంట్లలో తీసేశాను కూడా. వచ్చిన ఖాళీ 3 జీబీ లేదు. అకౌంట్స్ చూసే పెద్దాయన మాత్రం నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మెయిల్ వయసుకీ బరువుకీ సంబంధం లేదని ఆ రోజే తెలిసింది. పదేళ్ల కిందటి మెయిల్ తీసి చూస్తే "రేటు పంపండి", "లారీ బయల్దేరింది" అని రెండు ముక్కలు, నాలుగైదు కేబీలు. మొన్న పంపిన మెయిల్‌లో ఫోన్‌తో తీసిన బండల ఫోటోలు నాలుగు. ఆ ఒక్క మెయిల్ బరువుకి పాతవి కొన్ని వేలు సరిపోతాయి. అందుకే ఇక్కడ నేను చెప్పేదంతా పాతవి ఎట్లా తీసెయ్యాలని కాదు, బరువు యాడుందో వెతికి దాన్ని ఎట్లా దించాలని.

నా సర్వర్ ఉబుంటు లైనక్స్ మీద పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్. పోస్ట్‌ఫిక్స్ మెయిల్స్ పంపేది, తీసుకునేది; డవ్‌కాట్ వాటిని పెట్టెల్లో దాచి మనుషులకి చూపించేది. మెయిల్స్ మెయిల్‌డిర్ పద్ధతిలో ఉంటాయి, అంటే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. మీది వేరే సెటప్ అయితే కమాండ్లు మారతాయి గానీ లెక్క ఇదే. కమాండ్లని పలికేటట్టు తెలుగులో రాస్తున్నా, కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను.

ముందు కంగారు తగ్గించుకోండి

డిస్కు నిండితే మెయిల్స్ పోయినట్టే అనుకుని ఓనర్లు గుండెలు బాదుకుంటారు. అట్లా ఏం కాదు. డిస్కులో చోటు లేనప్పుడు పోస్ట్‌ఫిక్స్ అవతలి సర్వర్‌కి 452 అనే కోడ్ ఇస్తుంది. 4తో మొదలయ్యే కోడ్ అంటే "ఇప్పుడు కాదు, మళ్లీ రా" అని. అవతలి సర్వర్ ఆ మెయిల్‌ని తన దగ్గరే పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్‌లో మామూలుగా ఉండే గడువు 5 రోజులు, వేరే సర్వర్లలో కొంచెం అటూ ఇటూ. కాబట్టి పొద్దున ఆగిన మెయిల్ సాయంత్రానికి మీరు చోటు చేస్తే దానంతటదే వచ్చేస్తుంది.

అయితే ఒక మనిషి కోటా, అంటే ఆయన పెట్టెకి మనం పెట్టిన పరిమితి, నిండటం వేరే సంగతి. సర్వర్‌లో బోలెడు చోటున్నా ఆయన పెట్టె నిండితే, డవ్‌కాట్ మామూలుగా 5తో మొదలయ్యే కోడ్ ఇస్తుంది, అంటే "పో, మళ్లీ రావద్దు" అని. పంపినవాళ్లకి మెయిల్ తిరిగి వెళ్లిపోతుంది. దీన్ని తాత్కాలిక తిరస్కారంగా మార్చే సెట్టింగ్ డవ్‌కాట్‌లో ఉంది, కోటా ఫుల్ టెంప్‌ఫెయిల్ అని. నేనైతే అది పెట్టే ఉంచుతాను, టెండర్ మెయిల్ తిరిగిపోతే వచ్చే తిట్లు నేను పడలేను.

ఇంకో సంగతి. డిస్కు పూర్తిగా సున్నాకి రాకముందే పోస్ట్‌ఫిక్స్ తలుపు మూసేస్తుంది. మీరు పెట్టిన మెయిల్ సైజు పరిమితికి ఒకటిన్నర రెట్లు ఖాళీ లేకపోతే కొత్త మెయిల్ తీసుకోదు. పరిమితి 50 ఎంబీ పెట్టుంటే 75 ఎంబీ ఖాళీ ఉండాల్సిందే. "ఇంకా 60 ఎంబీ కనపడతాంది కదా, ఎందుకు తీసుకోదు" అని జుట్టు పీక్కోకండి.

ఊపిరి తీసుకునేంత చోటు, మెయిల్ ముట్టుకోకుండా

డీఎఫ్ హైఫన్ హెచ్ కొట్టి ఏ పార్టిషన్ నిండిందో చూడండి. వెంటనే డీఎఫ్ హైఫన్ ఐ కూడా కొట్టండి, ఇది చాలామంది మర్చిపోతారు. మెయిల్‌డిర్‌లో మెయిల్‌కొక ఫైలు కాబట్టి, జీబీలు మిగిలుండగానే ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైలుకి డిస్కు ఒకటి చొప్పున వాడే నమోదులు, అయిపోవచ్చు. అప్పుడు "చోటు లేదు" అనే అంటుంది, డీఎఫ్ హైఫన్ హెచ్ చూస్తే 70 శాతమే ఉంటుంది, మనకి పిచ్చెక్కుతుంది. ఐనోడ్లు అయిపోతే పెద్ద మెయిల్స్ తీసి లాభం లేదు, లెక్కకి ఎక్కువగా ఉన్న చిన్న మెయిల్స్ తియ్యాలి. అట్లాంటివి స్పామ్ ఫోల్డర్‌లో, ఎవరో ఎప్పుడో పెట్టించుకున్న ఆటోమేటిక్ రిపోర్టుల ఫోల్డర్‌లో దొరుకుతాయి.

అన్నీ ఒకే పార్టిషన్‌లో ఉంటే మొదట చూడాల్సింది లాగ్స్, అంటే సర్వర్ తను చేసిన పనులు రాసుకునే ఫైళ్లు. వార్ కింద లాగ్ ఫోల్డర్‌కి పోయి చూడండి, పాత లాగ్స్‌ని సర్దే లాగ్‌రొటేట్ సరిగా లేకపోతే మెయిల్ లాగ్ ఒక్కటే పదుల జీబీలు ఉంటుంది. సిస్టమ్‌డీ జర్నల్‌ని జర్నల్‌సీటీఎల్ వ్యాక్యూమ్ సైజు ఆప్షన్‌తో 500 ఎంబీకి తగ్గించొచ్చు. ఆప్ట్ క్లీన్ కొడితే దించుకున్న ప్యాకేజీలు పోతాయి, ఆప్ట్ ఆటోరిమూవ్‌తో పాత కెర్నెల్స్ పోతాయి. అయితే లాగ్స్ అన్నీ ఊడ్చెయ్యకండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్స్‌ని 180 రోజులు మన దేశంలోనే దాచి ఉంచాలి. కుదించి ఇంకో డిస్కులోకి జరపండి, అంతే. టెక్స్ట్ లాగ్స్ జీజిప్ చేస్తే బాగా చిక్కిపోతాయి.

లాగ్ ఫైలు తీసేశాక కూడా చోటు రాకపోతే ఆశ్చర్యపడొద్దు. ఆ ఫైలుని ఏదో ప్రోగ్రాం తెరిచి పట్టుకుని ఉంటుంది, అది వదిలేదాకా చోటు తిరిగి రాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ పక్కన ప్లస్, పెద్ద ఎల్, 1 కొడితే అట్లా తీసేసినా ప్రాణంతో ఉన్న ఫైళ్లు కనిపిస్తాయి. ఆ సర్వీసుని రీస్టార్ట్ చేస్తే వదులుతుంది.

క్యూ, అంటే పోవడానికి వేచి ఉన్న మెయిల్స్ వరస, కూడా ఒకసారి చూడండి. మెయిల్‌క్యూ (చివర క్యూ ఒక్క అక్షరమే) కొడితే వేల మెయిల్స్ కనిపిస్తే, అవన్నీ మీ ఆఫీసులో ఒకే అకౌంట్ నుంచి ఊరూ పేరూ లేని అడ్రసులకి పోతుంటే, అది డిస్కు సమస్య కాదు. ఎవరి పాస్‌వర్డో దొంగలకి దొరికింది. ముందు పాస్‌వర్డ్ మార్చండి, క్యూ తర్వాత కడగండి.

ఈఎక్స్‌టీ4 (లైనక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్) డిస్కులో 5 శాతం రూట్, అంటే అడ్మిన్ అకౌంట్, కోసం పక్కన పెట్టి ఉంటుందని గుర్తుందా? 500 జీబీలో అది 25 జీబీ. మెయిల్స్ విడి పార్టిషన్‌లో ఉంటే అంత అక్కర్లేదు, ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో 1 శాతానికి తగ్గిస్తే అప్పటికప్పుడు 20 జీబీ చేతికొస్తుంది. ఆ సోమవారం నాకు ఈ సంగతి తెలిసుంటే పెద్దాయన మెయిల్స్ జోలికే పోయేవాణ్ని కాదు. సిస్టమ్ ఉన్న రూట్ పార్టిషన్‌లో మాత్రం ఈ పని చెయ్యొద్దు, ఆ మిగులు అక్కడ నిజంగా పనికొస్తుంది.

బరువు యాడుంది?

ఇప్పుడు ఊపిరి ఆడుతుంది కాబట్టి నిదానంగా కొలవండి. మెయిల్స్ ఉన్న ఫోల్డర్‌లోకి పోయి డీయూ హైఫన్ హెచ్ హైఫన్ డీ 1 కొట్టి, మధ్యలో నిలువు గీత పెట్టి దాన్ని సార్ట్ హైఫన్ హెచ్‌లోకి పంపిస్తే ఎవరిది ఎంతో వరసగా వస్తుంది. లక్షల ఫైళ్లుంటే ఇది అరగంట కూడా నడుస్తుంది, డిస్కుని పట్టేస్తుంది, కాబట్టి ముందు ఐఓనైస్, నైస్ (మిగతా పనులకి అడ్డం రాకుండా నడిపేవి) తగిలించి రాత్రి పూట నడపండి. ఎన్‌సీడీయూ అనే చిన్న ప్రోగ్రాం వేసుకుంటే ఫోల్డర్లలోకి దిగి దిగి చూసుకోవచ్చు, నాకు అదే ఇష్టం.

ఇక్కడ ఒక మోసం ఉంది. మెయిల్‌డిర్‌లో ఇన్‌బాక్స్ తప్ప మిగతా ఫోల్డర్ల పేర్లన్నీ చుక్కతో మొదలవుతాయి, కాబట్టి ఉత్త ఎల్‌ఎస్ కొడితే కనిపించవు. డీయూకి నక్షత్రం గుర్తు ఇచ్చినా వాటిని వదిలేస్తుంది. నేను మొదట్లో అట్లాగే చూసి "ఈయన దగ్గర 2 జీబీనే ఉంది" అనుకున్నాను. ఆయన సెంట్ ఫోల్డర్‌లో 38 జీబీ దాక్కుని ఉంది.

సెంట్ ఫోల్డర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, నేను చూసిన ప్రతి ఆఫీసులోనూ అసలు దొంగ అదే. అందరూ ఇన్‌బాక్స్ సర్దుకుంటారు, పంపినవాటి వైపు ఎవరూ చూడరు. డిస్పాచ్ అమ్మాయి బండల ఫోటోలు నాలుగు పంపింది అనుకోండి, ఒక్కోటి 4 ఎంబీ, మొత్తం 16. మెయిల్ పాత కాలపుది, దానికి అక్షరాలే తెలుసు, ఫోటోలని బేస్64 అనే పద్ధతిలో అక్షరాలుగా మార్చి పంపుతుంది. ప్రతి 3 బైట్లు 4 అక్షరాలు అవుతాయి, లైన్ల చివర కలిపేవి కూడా లెక్కేస్తే 16 ఎంబీ కాస్తా 22కి చేరుతుంది. ఆ మెయిల్‌ని ఆఫీసులోనే ఐదుగురికి కాపీ పెట్టింది. ఐదుగురి ఇన్‌బాక్సుల్లో ఐదు, ఆమె సెంట్‌లో ఒకటి, మొత్తం 132 ఎంబీ. నాలుగు ఫోటోలకి! రిప్లై కొడితే మామూలుగా అటాచ్‌మెంట్ రాదు గానీ, ఫార్వర్డ్ కొడితే ఫోటోలతో సహా పోతుంది, పోయిన ప్రతి చోటా మళ్లీ ఒక కాపీ.

పెద్ద మెయిల్స్ ఏవో చూడాలంటే డవ్‌కాట్ వాళ్ల డవ్‌యాడ్మ్ కమాండ్ ఉంది. డవ్‌యాడ్మ్ సెర్చ్ అని, హైఫన్ యూతో ఆ మనిషి పేరు ఇచ్చి, మెయిల్‌బాక్స్ సెంట్, లార్జర్ 10ఎం అంటే, 10 ఎంబీ దాటినవన్నీ వస్తాయి, ఆ ఎం, సెంట్‌లో మొదటి ఎస్ పెద్దవి. సెర్చ్ బదులు ఫెచ్ వాడితే సబ్జెక్టు, తేదీ, సైజు కూడా చూపిస్తుంది. ఆ పట్టిక ప్రింట్ తీసి ఆ మనిషికే ఇవ్వండి. "ఇవి నాకొద్దు, తీసెయ్ అన్నా" అని వాళ్లే టిక్కులు పెడతారు. నేను తీస్తే దొంగతనం, వాళ్లు టిక్కు పెడితే శుభ్రం చేయడం.

సెంట్ ఫోల్డర్ ఒక్కటే ఉంటుందనుకోవద్దు. ఫోన్‌లో ఒక యాప్, కంప్యూటర్‌లో ఔట్‌లుక్, ఇంట్లో థండర్‌బర్డ్ వాడే మనిషికి సెంట్, సెంట్ ఐటమ్స్, సెంట్ మెసేజెస్ అని మూడు ఉంటాయి. ట్రాష్ కూడా అంతే, డిలీటెడ్ ఐటమ్స్, డిలీటెడ్ మెసేజెస్ అని. ఇది గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

పాప్3, అంటే మెయిల్స్‌ని సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే పాత పద్ధతి, వాడేవాళ్లు ఇంకా ఉన్నారు, మన దిక్కు బాగా ఉన్నారు. పాత కంప్యూటర్‌లో ఔట్‌లుక్, అందులో "సర్వర్‌లో ఒక కాపీ ఉంచు" అని టిక్కు. మెయిల్స్ అన్నీ ఆయన కంప్యూటర్‌కి చేరాయి, ఆయన అక్కడ తీసేస్తున్నాడు కూడా, సర్వర్‌లో మాత్రం మొదటి రోజు నుంచి అన్నీ అట్లాగే పేరుకుపోయి ఉన్నాయి. ఆ టిక్కు పక్కనే ఇన్ని రోజుల తర్వాత సర్వర్ నుంచి తీసెయ్ అనే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టండి. కానీ పెట్టకముందు ఆ కంప్యూటర్‌కి బ్యాకప్ ఉందో లేదో అడగండి. సర్వర్‌లో తీసేశాక ఆయన హార్డ్ డిస్కు పోతే, ఎండాకాలం మన కరెంటుకి అది పోవడం పెద్ద వింత కాదు, ప్రపంచంలో ఆ మెయిల్స్ ఇంకెక్కడా ఉండవు.

తీసే ముందు అకౌంట్స్ వాళ్లని అడగండి

జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలు, రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. 2023-24 సంవత్సరానికి గడువు 2024 డిసెంబర్ 31, అంటే ఆ సంవత్సరం కాగితాలు 2030 డిసెంబర్ 31 దాకా ఉండాలి. కంపెనీగా రిజిస్టర్ అయ్యుంటే 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ ఇంకా ఎక్కువ అడుగుతుంది, 8 ఆర్థిక సంవత్సరాలు. కేసు ఏదైనా నడుస్తుంటే ఆ లెక్క ఇంకా వేరు. మెయిల్ లెక్కల పుస్తకం కాదు కదా అంటారేమో, చిన్న ఆఫీసుల్లో ఆ బిల్లు మెయిల్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు, అసలు ఇబ్బంది అదే. నేను తీసేసిన పెద్దాయన మెయిల్స్‌లో ఒక సిమెంటు పార్టీతో పాత బాకీ సంగతి ఉంది. బ్యాకప్ నుంచి తెచ్చి ఇచ్చాను గానీ ఆ మూడు రోజులు నాకు అన్నం సహించలేదు.

అందుకే అకౌంట్స్, సేల్స్, ఓనరు, ఈ మూడు పెట్టెల్లో నేను వయసు చూసి ఏదీ తియ్యను. కావాలంటే పక్కకి జరుపుతాను. ఎట్లాగో కింద చెప్తాను.

బ్యాకప్ ఉందని నోటితో చెప్పడం కాదు, ఒక ఫోల్డర్ తిరిగి తెచ్చి చూడండి. ఇంకా ముఖ్యం, ఫైళ్లని కాపీ చేసే ఆర్‌సింక్‌ని డిలీట్ ఆప్షన్‌తో రోజూ రాత్రి నడుపుతుంటే, పగలు మీరు పొరపాటున తీసింది రాత్రికి బ్యాకప్‌లోనూ పోతుంది. అది అద్దం, బ్యాకప్ కాదు. రెస్టిక్, బోర్గ్ లాంటి బ్యాకప్ ప్రోగ్రాంలు వాడితే ఏ తేదీది కావాలంటే ఆ తేదీది దొరుకుతుంది. ఆ బ్యాకప్ కూడా అదే గదిలో, అదే బీరువాలో పెట్టకండి. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రి రెండూ కర్నూలు మీదికి వచ్చినప్పుడు కింద అంతస్తులో ఉన్నవన్నీ మునిగాయి, సర్వరూ పక్కనున్న బ్యాకప్ డిస్కూ ఒకే నీళ్లలో మునిగితే రెండున్నా ఒకటే. మా ఆఫీసుకి అనంతపురంలో బ్రాంచి ఉంది, అక్కడొక డిస్కు పెట్టి రాత్రి పూట పంపుతున్నాం. నీళ్ల సంగతిలో అనంతపురాన్ని నమ్మొచ్చు.

ట్రాష్, స్పామ్: ఇక్కడ వయసు పనికొస్తుంది, కానీ ఏ వయసు?

ట్రాష్‌లో పడేసినదాన్ని 30 రోజుల తర్వాత తీసెయ్యొచ్చని అందరూ ఒప్పుకుంటారు. కానీ 30 రోజులు దేన్నుంచి లెక్క? డవ్‌యాడ్మ్‌లో మూడు మాటలున్నాయి. సెంట్‌బిఫోర్ అంటే మెయిల్ మీద రాసున్న తేదీ. బిఫోర్ అంటే మన సర్వర్‌కి వచ్చిన తేదీ. సేవ్డ్‌బిఫోర్ అంటే ఆ ఫోల్డర్‌లోకి చేరిన తేదీ. ట్రాష్‌కి మీరు బిఫోర్ 30డీ అని పెడితే, 2019లో వచ్చిన మెయిల్‌ని నిన్న పొరపాటున ట్రాష్‌లో వేసిన మనిషికి ఈ రోజు అది దొరకదు, వచ్చి 30 రోజులు ఎప్పుడో దాటింది కదా. ఆయన పొరపాటు దిద్దుకోవడానికి ఒక్క రోజు కూడా ఇవ్వలేదన్నమాట. ట్రాష్‌కి ఎప్పుడూ సేవ్డ్‌బిఫోర్ వాడండి.

పద్ధతి ఇది. ముందు డవ్‌యాడ్మ్ సెర్చ్ హైఫన్ యూ, మనిషి పేరు, మెయిల్‌బాక్స్ ట్రాష్ సేవ్డ్‌బిఫోర్ 30డీ, ట్రాష్‌లో మొదటి టీ పెద్దది. దాన్ని డబ్ల్యూసీ హైఫన్ ఎల్‌లోకి పంపి ఎన్నున్నాయో చూడండి. అంకె మీరు అనుకున్నదానికి దగ్గరగా ఉంటే, కమాండ్‌లో సెర్చ్ అన్న ఒక్క మాట తీసి ఎక్స్‌పంజ్ అని పెట్టండి, మిగతాది ముట్టుకోవద్దు. మళ్లీ కొత్తగా టైపు చెయ్యొద్దు, పై బాణం నొక్కి పాతదాన్నే మార్చండి. వేలు జారి ట్రాష్ బదులు ఇన్‌బాక్స్ పడితే దేవుని కడప వెంకన్న కూడా ఏం చెయ్యలేడు. ఎక్స్‌పంజ్ అంటే పోయినట్టే.

తర్వాత తర్వాత చేత్తో చేయకుండా, డవ్‌కాట్ కాన్ఫిగ్‌లో ఆ ఫోల్డర్‌కి ఆటోఎక్స్‌పంజ్ 30డీ అని పెడితే సరిపోతుంది. అది కూడా ఫోల్డర్‌లో చేరిన తేదీనే చూస్తుంది. మనిషి లాగిన్ అయి సెషన్ ముగిసేటప్పుడు ఆ పని చేస్తుంది, కాబట్టి ఎన్నడూ లాగిన్ కాని పెట్టెల్లో పెద్దగా ఆశపెట్టుకోవద్దు. వాటికి వారానికోసారి క్రాన్ (చెప్పిన టైముకి కమాండ్ నడిపేది) పెట్టుకోండి. ట్రాష్ ఒక్కదానికే పెట్టి చేతులు దులుపుకోకండి, పైన చెప్పిన డిలీటెడ్ ఐటమ్స్, డిలీటెడ్ మెసేజెస్, జంక్, స్పామ్ అన్నిటికీ పెట్టండి. ఇంకో మాట, డవ్‌కాట్ 2.4 నుంచి కాన్ఫిగ్ రాసే పద్ధతి మారింది, 2.3 కోసం రాసిన ఫైలు అట్లాగే దించితే సర్వీసు లేవదు.

కొన్ని పాత మెయిల్ ప్రోగ్రాంలు డిలీట్ కొడితే మెయిల్ మీద గీత గీసి అక్కడే ఉంచుతాయి. మనిషి తీసేశాననుకుంటాడు, సర్వర్‌లో అది బతికే ఉంటుంది. డవ్‌యాడ్మ్ సెర్చ్‌లో డిలీటెడ్ అనే మాట పెడితే అట్లాంటివి బయటపడతాయి. మీది ఎండీబాక్స్ పద్ధతి (ఒకే ఫైల్లో చాలా మెయిల్స్) అయితే ఎక్స్‌పంజ్ చేశాక కూడా చోటు రాదు, డవ్‌యాడ్మ్ పర్జ్ కూడా కొట్టాలి. ఎండీబాక్స్‌లో ఫైళ్లని ఆర్‌ఎమ్‌తో మాత్రం తియ్యకండి, ఇండెక్స్ చెడిపోయి మొత్తం పెట్టె తెరుచుకోదు. మెయిల్‌డిర్‌లో చేత్తో తీస్తే తట్టుకుంటుంది గానీ కోటా లెక్క తప్పుతుంది, అప్పుడు డవ్‌యాడ్మ్ కోటా రీకాల్క్ కొట్టి లెక్క సరిచెయ్యాలి.

పక్కకి జరపడం

తియ్యకూడనివి, రోజూ అక్కర్లేనివి ఇంకో చవక డిస్కులో ఆర్కైవ్ అనే నేమ్‌స్పేస్‌గా (డవ్‌కాట్‌లో విడి ఫోల్డర్ల గుంపు) పెట్టుకోండి, సంవత్సరానికొక ఫోల్డర్. మనిషికి తన మెయిల్ ప్రోగ్రాంలోనే ఆర్కైవ్ 2018, ఆర్కైవ్ 2019 అని కనిపిస్తాయి, వెతుక్కోవచ్చు. మెయిల్స్ ఉన్న అసలు డిస్కు మీద బరువు తగ్గుతుంది. జరిపే పని డవ్‌యాడ్మ్ మూవ్‌తో చేస్తాను, ఇక్కడ వాడాల్సింది బిఫోర్. వాడే మనిషికి ఒక రోజు ముందు చెప్పండి, లేకపోతే పొద్దున్నే ఫోను: "సారూ, నా మెయిల్స్ యాడికి పోయినాయి?"

డవ్‌కాట్‌లో జీలిబ్ ప్లగిన్ (2.4లో దాని పేరు మెయిల్ కంప్రెస్) పెట్టి కుదించి దాచుకోవడం కూడా మంచి పని, చదివేవాళ్లకి తేడా తెలియదు. ఫోటోలు, పీడీఎఫ్‌లు ఇప్పటికే కుదించినవి కదా, ఇంకేం తగ్గుతాయి అని నేను చాలా రోజులు దాన్ని పట్టించుకోలేదు. తప్పు లెక్క నాది. ఫోటో తగ్గదు నిజమే, కానీ బేస్64 కోసం 16 నుంచి 22కి పెరిగిన ఆ బరువు చాలావరకు వెనక్కి వచ్చేస్తుంది. అంటే దాదాపు నాలుగో వంతు. ఉత్త అక్షరాలున్న మెయిల్స్ అయితే ఇంకా బాగా చిక్కుతాయి. ప్లగిన్ పెట్టిన రోజు నుంచి వచ్చేవి మాత్రమే కుదించి దాస్తుంది, పాతవాటికి డవ్‌యాడ్మ్ బ్యాకప్‌తో కొత్త చోటికి కాపీ చేసుకుని మార్చుకోవాలి. దానికి రెండింతల చోటు కాసేపు కావాలి. నిండిన డిస్కు మీద ఈ పని మొదలుపెట్టకండి.

మళ్లీ నిండకుండా

కోటా పెట్టండి. మనిషికి 5 జీబీనా 10 జీబీనా అనేది ఆఫీసుని బట్టి, కానీ 80 శాతం దగ్గర ఒకసారి, 95 దగ్గర ఒకసారి హెచ్చరిక మెయిల్ పోయేటట్టు డవ్‌కాట్ కోటా వార్నింగ్ పెట్టండి. ట్రాష్‌కి విడిగా 100 ఎంబీ ఎక్కువ ఇవ్వండి, లేకపోతే కోటా నిండిన మనిషి తీసేద్దామని ట్రాష్‌లోకి జరపబోతే అక్కడ చోటు లేక జరగదు, తియ్యడానికే చోటు లేదంటుంది. ఓనరుకి కోటా పెట్టాలా వద్దా అనేది మీ ధైర్యం. మా దగ్గర అన్నిటికన్నా పెద్ద పెట్టె ఓనరుదే. ఆయనకి కోటా పెట్టలేదు, మూడు నెలలకోసారి పెద్ద మెయిల్స్ పట్టిక తీసుకెళ్లి టీ తాగేటప్పుడు ముందు పెడతాను.

ఫోటోల అలవాటు మాన్పించడం వీటన్నిటికన్నా పెద్ద పని. నెక్స్ట్‌క్లౌడ్ అనే ఫైళ్లు పంచుకునే ప్రోగ్రాం ఒకటి వేసి, ఫోటోలు అందులో పెట్టి లింకు పంపమన్నాను. మొదటి నెల ఎవరూ వినలేదు. తర్వాత మెయిల్ సైజు పరిమితి తగ్గించాను, పెద్దవి పంపబోతే వెనక్కి వచ్చాయి, అప్పుడు అందరూ నా దగ్గరికి వచ్చి నేర్చుకున్నారు. పార్టీ వాళ్లు బండ రంగు చూడటానికి 4 ఎంబీ ఫోటో అక్కర్లేదు, 1600 పిక్సెళ్లకి తగ్గిస్తే కొన్ని వందల కేబీల్లో అయిపోతుంది. డిస్పాచ్ అమ్మాయి ఫోన్‌లో ఆ సెట్టింగ్ నేనే పెట్టిచ్చాను. దాంతో తగ్గినంత బరువు మిగతా ఏ పనితోనూ తగ్గలేదు.

ఇంక చివరిది కాపలా. రోజూ పొద్దున డీఎఫ్ చూసి 80 దాటితే చెప్పే చిన్న స్క్రిప్ట్ క్రాన్‌లో పెట్టండి, ఐనోడ్లని కూడా అందులోనే చూడమనండి. నేను మొదట పెట్టినప్పుడు ఆ హెచ్చరిక అదే సర్వర్‌లో ఉన్న నా మెయిల్‌కే పోయేటట్టు పెట్టాను. డిస్కు నిండిన రోజు "డిస్కు నిండింది" అనే మెయిల్ కూడా చోటు లేక ఆగిపోయింది, ఖాళీ చేసిన సాయంత్రం మిగతావాటితో కలిసి వచ్చింది. ఇప్పుడు టెలిగ్రామ్‌కి పంపిస్తున్నాను.